పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా

నేను అబద్ధాలకోరుని కాను. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందంటే, ఇరవయ్యారేళ్ళ పాటు రోజుకి నాలుగైదు అబద్ధాలు క్రమం తప్పకుండా ఆడాను. అన్నీ ఫోన్లోనే, అన్నీ పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్యనే, అన్నీ ఒకటే మాట. "ఇంకా కాలేదండీ, ఒంటిగంటకల్లా ఇచ్చేస్తాం."

మాది నాలుగంతస్తుల హోటలు, అరవై గదులు. నేను గదుల సూపర్‌వైజర్ని. పక్కలు వేయడం, స్నానాల గదులు కడగడం, తువ్వాళ్ళు మార్చడం చేసే ఎనిమిది మంది ఆడవాళ్ళు నా కింద పనిచేసేవారు. అతిథి ఖాళీ చేసిన గదిని వాళ్ళు బాగుచేస్తారు. నేను వెళ్ళి మంచం కింద, అద్దం అంచున, కుళాయి వెనక చూస్తాను. చూసి, కింద రిసెప్షన్‌కి ఫోన్ చేసి ఫలానా నంబరు తయారు అంటాను. నేను ఆ మాట అనేదాకా ఆ గది తాళం ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. హోటల్లో నా అధికారమంతా ఆ ఒక్క ఫోనే.

పదకొండింటికి గదులు ఖాళీ అవుతాయి. కొత్తవాళ్ళకి ఒంటిగంటకి ఇస్తామని బోర్డు రాసి ఉంటుంది. చదివేదెవరు? పన్నెండయ్యేసరికి పెట్టెలు ముందేసుకుని లాబీలో నిలబడతారు. వాళ్ళు రిసెప్షన్‌ని తిడతారు, రిసెప్షన్ నా ప్రాణం తోడుతుంది. ఈ మధ్యలో మా ఆడవాళ్ళు అన్నం ఎప్పుడు తినాలి? రూల్సు పుస్తకంలో "పని వీలునుబట్టి" అని రాశారు. రాసిన మహానుభావుడెవరో గానీ గది తుడిచిన మొహం మాత్రం కాదు. నేను చేరిన కొత్తలో వాళ్ళు వెనక మెట్ల మీద నిలబడి, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో దిండుగలీబుతో రెండు ముద్దలు మింగి పరిగెత్తేవారు. నాకు ఒళ్ళు మండింది. గొడవపడే స్థాయి నాకప్పుడు లేదు, కాబట్టి ఇంకో దారి చూసుకున్నాను.

అది చాలా తేలిక. పొద్దుట్నుంచీ అంతస్తుకి రెండేసి గదులు త్వరగా అవగొట్టించి, అయినట్టు చెప్పకుండా అట్టేపెట్టేదాన్ని. పన్నెండున్నరకి ఎనిమిది మందీ కింద దుప్పట్ల గదిలో కూర్చుని అన్నం తినేవారు. నేను బయట నడవాలో ఫోన్ పక్కన నిలబడి ఇంకా కాలేదండీ అంటూండేదాన్ని. సరిగ్గా ఒంటిగంటకి ఎనిమిది గదులూ ఒక్కసారిగా వదిలేదాన్ని. కిందవాళ్ళకేమో మేం రాక్షసుల్లా పనిచేశామనిపించేది. పుణ్యం, పురుషార్థం రెండూను.

ఆ ఎనిమిది మందిలో మూడో అంతస్తు చూసే ఆవిణ్ణి అందరూ నిదానం అంటారు, మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. దుప్పటి మడత ఒకసారి వేసి, చూసి, మళ్ళీ తీసి వేసే మనిషి. ఆవిడకి షుగరు. పన్నెండుంబావుకి పొట్ట మీద సూది వేసుకుంటుంది. సూది పడ్డాక అరగంటలోగా కడుపులో అన్నం పడాలి, లేకపోతే చేతులు వణికి, చెమటలు పట్టి, ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఒకసారి అలా అయి మెట్ల మీద కూలబడింది, అదీ నేను ఈ పద్ధతి పెట్టక ముందు. పెట్టాక ఒక్కనాడూ కాలేదు. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు గానీ ఈ విషయంలో కాస్త చెప్పుకుంటాను.

ఇంతలో మా అబ్బాయికి పెళ్ళయింది. కోడలు చదువుకున్న పిల్ల, చలాకీ పిల్ల. మా హోటల్లోనే రిసెప్షన్లో చేరింది. అంటే మూడేళ్ళుగా రోజూ మధ్యాహ్నం నేను ఫోన్లో అబద్ధమాడింది ఎవరితోనో కాదు, నా కోడలితోనే. డ్యూటీలో ఆ పిల్ల నన్ను సూపర్‌వైజర్ గారూ అంటుంది, నేను ఆ పిల్లని రిసెప్షన్ అంటాను. సాయంత్రం ఇంటికొచ్చాక అత్తయ్యా, అమ్మాయ్ అనుకుంటాం. ఒక్కో సాయంత్రం వంటింటి గడపలో కూర్చుని, ఎవరో పెద్దమనిషి గది ఇవ్వలేదని తాళంచెవుల పళ్ళెం విసిరేశాడనో, ఇంకెవరో నీకు బుర్ర లేదా అన్నాడనో చెప్పేది. నేను కూర తరుగుతూ పాపిష్టి వెధవ అనేదాన్ని. అంతకంటే నేనేమనగలను?

ఆ పిల్ల సాయంత్రాలు హోటల్ నిర్వహణలో డిప్లొమా చదువుతోంది. చివరి పరీక్ష ఒక ప్రాజెక్టు. నువ్వు పనిచేసే చోట ఒక సమస్య పట్టుకో, సంస్థాగత ప్రవర్తన అనే శాస్త్రంలోంచి ఒక సిద్ధాంతం తీసి దానికి అన్వయించు, పరిష్కారం చెప్పు. అది గట్టెక్కితే డ్యూటీ మేనేజరు అవచ్చు, ఆ కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది. ఆ పుస్తకం ఇటుకంత లావు. నేను తరుగుతుంటే పైకి చదివి వినిపించేది.

"అత్తయ్యా, ఇది వినండి. కొన్ని లేకపోతే మనిషికి కోపం వస్తుందట, ఉన్నంత మాత్రాన సంతోషం మాత్రం రాదట. అంటే లైటు, నీళ్ళు, కూర్చునే చోటు అలాంటివి. సంతోషం వేరే వాటితో వస్తుందట. మెచ్చుకోవడం, ఎదుగుదల..."

"ఇది కనిపెట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందటే వాడికి?"

"వెక్కిరించకండి. ఇంకోటుంది. ఒక ఫ్యాక్టరీలో పనివాళ్ళంతా కూడబలుక్కుని, చేయగలిగినదానికన్నా తక్కువే చేసేవారట. ఎవడైనా ఎక్కువ చేస్తే పక్కవాడు జబ్బ మీద గుద్దేవాడట."

నా చేతిలో కత్తి ఆగింది. "ఎందుకలా చేశారో రాశాడా?"

"పైవాళ్ళ మీద నమ్మకం లేక."

"మరి పైవాళ్ళు అలా ఎందుకేడిశారో రాశాడా?"

"అది వేరే అధ్యాయం అత్తయ్యా."

ఒకరోజు ఆ పిల్ల ఒక కాగితం తెచ్చి నా ముందు పరిచింది. ఆరువారాల పాటు ఏ గది ఎన్నింటికి తయారైందో రాసుకుని గీత గీసింది. పొద్దుట్నుంచీ గీత నెమ్మదిగా పైకి పోతోంది. పన్నెండున్నర దగ్గర దబ్బున నేలకి పడి, ఒంటిగంటకి తాడెత్తు లేచింది. ఆరువారాలూ అంతే. ఇరవయ్యారేళ్ళలో నలుగురు మేనేజర్లు మారారు, ఒక్కడికీ కంటపడనిది నా ఇంట్లోని పిల్లకి కంటపడింది. ఒకపక్క దొరికిపోయాననుకున్నాను, ఇంకోపక్క ఈ పిల్ల తెలివే తెలివి అనిపించింది.

"ఈ అరగంట మీవాళ్ళు ఏం చేస్తుంటారు అత్తయ్యా?"

"ఏం చేస్తారు, పని."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. మళ్ళీ అడగలేదు. ఇదే నా సమస్య, దీనిమీదే ప్రాజెక్టు రాస్తాను అంది.

తరవాత ప్రశ్నల కాగితాలు వచ్చాయి. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. అస్సలు లేదంటే ఒకటి, బ్రహ్మాండమంటే ఐదు. పేర్లు రాయనక్కర్లేదు. మా ఎనిమిది మంది చేతా నింపించమని నాకే ఇచ్చింది. "వాళ్ళకి ఏది అనిపిస్తే అదే రాయమనండి" అని రెండుసార్లు చెప్పింది.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం ఉంది. దుప్పట్ల గదిలో అందరినీ కూర్చోబెట్టి, "ఇది మా కోడలి పరీక్ష. నా పరువు తీయకండి. అన్నీ ఐదులు పెట్టేయండి" అన్నాను. పరీక్షంటే మార్కులు, మార్కులంటే ఎక్కువ రావాలి. నా బుర్రకి తట్టింది అంతే. చదవడం రాని ఇద్దరికి నేనే చదివి వినిపించి నేనే వేశాను. మీ పనికి తగిన గౌరవం దక్కుతోందా? ఐదు. మీ సలహాలు పైవాళ్ళు వింటున్నారా? ఐదు. ఎవరో కిసుక్కున నవ్వితే కసిరాను.

నిదానం మాత్రం పద్నాలుగో ప్రశ్న దగ్గర కలం పైకెత్తింది. "అక్కా, మధ్యాహ్నం భోజనానికి తగినంత టైము దొరుకుతోందా అనుంది. హోటలు ఇవ్వట్లేదు కదా, మీరిస్తున్నారు. ఏం వెయ్యను?"

"ఐదు వెయ్యవే తల్లీ."

వేసింది, నిదానంగానే. కాగితాలు మడతపెట్టి సాయంత్రం కోడలి చేతిలో పెట్టినప్పుడు నాకు బోలెడు సంతోషం.

ఆ పిల్ల ఎనిమిదీ చూసింది. మళ్ళీ మొదట్నుంచి చూసింది. "అత్తయ్యా, వీళ్ళకి మీరేమైనా చెప్పారా?"

"నేనెందుకు చెబుతాను?"

ప్రాజెక్టు ఇవ్వడానికి నాలుగురోజులే ఉంది. కళాశాల వాళ్ళు అంకెలు లేని ప్రాజెక్టు ముట్టుకోరట. ఆ పిల్ల అంకెలు అలాగే ఎక్కించి, చివర తన సలహా రాసింది. గదులవాళ్ళకి భోజనం వేళంటూ కాగితం మీద లేదు, అందువల్లే ఆ అరగంట ఇలా అవుతుండవచ్చు, పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా అధికారికంగా విరామం ఇచ్చి, ఆ వేళలో గదులు అడగడం మానేయాలి. ప్రాజెక్టు మంచి మార్కులతో గట్టెక్కింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం.

మా మేనేజరుని వెనకాల ఇస్త్రీ సార్ అంటాం. వానలో తడిసినా చొక్కా నలగని మనిషి. మాట మెత్తన, ఎవరినీ ఒక్క మాట తూలడు. ప్రాజెక్టు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మమ్మల్నిద్దరినీ పిలిచి కూర్చోమన్నాడు.

"సమస్యని చక్కగా పట్టుకున్నారమ్మా" అన్నాడు కోడలితో. "పరిష్కారమే మీ అంకెలతో పొసగట్లేదు. పద్నాలుగో ప్రశ్నకి ఎనిమిది మందీ ఐదే వేశారు. తిండికి టైము సరిపోతోందని వాళ్ళే చెబుతుంటే మళ్ళీ విరామం దేనికి? మనుషుల్లో లోపం లేదు. కబురు కిందికొచ్చే దారిలో ఉంది లోపం." నావైపు ఎంతో జాలిగా చూశాడు. "ఆవిడ ఒక్కరూ అరవై గదులు చూసి ఫోన్లు చేయాలంటే ఎంత కష్టం, పాపం."

నోరు తెరవాల్సింది అప్పుడే. ఆ ఐదులు నేను వేయించినవని చెబితే పిల్ల చదువు మట్టికొట్టుకుపోతుంది. గదులు దాచానని చెబితే నా ఉద్యోగం పోతుంది, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. నేను గోడమీద గడియారం చూస్తూ కూర్చున్నాను. కోడలు తన గోళ్ళు చూసుకుంది.

పదిహేను రోజుల్లో రిసెప్షన్ వెనక గోడకి ఒక బోర్డు వచ్చింది. గదిలోకి వెళ్ళగానే అక్కడి ఫోన్లో మనిషి తన నంబరు నొక్కాలి, పనయ్యాక మళ్ళీ నొక్కాలి. నొక్కగానే బోర్డు మీద ఆ గది పచ్చబడుతుంది. అరగంట దాటితే ఎర్రబడి పక్కన పేరు పడుతుంది. ఒక గది అయ్యాక ఐదు నిమిషాల్లో ఇంకో గదిలో నంబరు పడకపోయినా అంతే. నా ఫోను తీసేశారు. ఒకటో తారీఖున కోడలు డ్యూటీ మేనేజరు అయింది. నేనే స్వీట్లు పంచాను.

అన్నం అరగంట పోయింది. మా ఆడవాళ్ళు మళ్ళీ వెనక మెట్ల మీదికి చేరారు. కొందరు తిండి మూడింటికి తోశారు, కొందరు మానేశారు. నన్నెవరూ ఏమీ అనలేదు, అంటే బాగుండేది. కోడలి గీత నేలకి పడటం మానేసి చక్కగా పైకి పోతోందని ఇస్త్రీ సార్ మీటింగులో చూపించాడు. నిదానం రెండు వారాలు సూదిని అటూ ఇటూ జరిపి చూసింది. డాక్టరు బాగా కేకలేశాడట, సూది గడియారం చూసి వేసుకోవాలి గానీ బోర్డు చూసి కాదని. మళ్ళీ పన్నెండుంబావుకే వేసుకోవడం మొదలుపెట్టింది.

ఒక మంగళవారం ఒంటిగంటకి పదిహేను నిమిషాలుందనగా, మూడువందల పన్నెండులో దిగిన పెద్దాయన కళ్ళజోడు మరిచిపోయి వెనక్కొచ్చాడు. ఆయన స్నానాలగదిలో, మూతేసిన కమోడు మీద నిదానం కూర్చుని ఉంది. ఒళ్ళో డబ్బా, వణుకుతున్న చేత్తో అన్నం తింటోంది. పెద్దాయన చెడ్డవాడేం కాదు, మంచినీళ్ళు కావాలా అని కూడా అడిగాడట. కిందికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని శుభ్రంగా ఫిర్యాదు రాసిచ్చాడు.

అతిథి గదిలో తిన్నవాళ్ళకి ఉద్యోగం ఊడుతుంది. అందులో రెండో మాట లేదు. నా కళ్ళముందే ఒకతను అతిథి వదిలేసి వెళ్ళిన ఆపిల్ కొరికి ఇంటికెళ్ళాడు. మర్నాడు పదింటికి విచారణ అన్నారు. నిదానం వయసు యాభై రెండు, సూదీ మందూ చూపించి ఇంకోచోట పని అడిగితే ఎవరిస్తారు?

ఆ సాయంత్రం ఇంట్లో నేనూ కోడలూ మొదటిసారి గొంతులెత్తి పోట్లాడుకున్నాం.

"మీరు ఆ ఐదులు వేయించకపోతే ఇంతదాకా వచ్చేదా అత్తయ్యా?"

"నువ్వు ఆ దిక్కుమాలిన గీత గీయకపోతే వచ్చేదా?"

"నేను గీసింది వాళ్ళకి అన్నం టైము ఇప్పిద్దామనే!"

"వాళ్ళకది ముందే ఉంది. నేనిచ్చాను."

"ఇవ్వలేదు, దాచి తెచ్చారు. బోర్డు పెట్టిన మొదటిరోజే నాకర్థమైంది. రెండేళ్ళలో మీరు దిగిపోయాక ఎవరు తెస్తారు?" ఆ పిల్లకి ఏడుపొస్తోంది, ఆపుకుంటోంది. "మూడేళ్ళు అత్తయ్యా. ఆ అరగంటా మీవాళ్ళు అన్నం తిన్నారు, నేను తిట్లు తిన్నాను. ఒక్కరోజైనా నాకు చెప్పొచ్చు కదా. నేనే నిలబడి తినేదాన్ని ఆ తిట్లు, తెలిసే తినేదాన్ని."

మా అబ్బాయి కంచం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, కాబట్టి గిన్నెలన్నీ ధనధనా తోమాను.

మర్నాడు ఇస్త్రీ సార్ గదిలో నలుగురం. డ్యూటీ మేనేజరు కాబట్టి కోడలే అన్నీ రాసుకోవాలి. నిదానం కుర్చీ అంచున కూర్చుంది. నేను పొద్దున్నే ఒక అబద్ధం తయారుచేసుకుని వచ్చాను. నా జీవితంలో అంత నికార్సయిన అబద్ధం అల్లలేదు.

"సార్, ఆ పెద్దాయన వెనక్కొచ్చింది దేనికి? కళ్ళజోడుకి. అంటే ఆయన చూసినప్పుడు కళ్ళజోడు లేదు. ఆ డబ్బాలో ఉన్నది అన్నం కాదు సార్, మేం కుళాయిలు తోమే సోడాపొడి. తడిపి గుడ్డకి అద్దుతోంది. కమోడు మూత లూజుగా ఉందంటే కూర్చుని చూడమన్నది నేనే."

ఇస్త్రీ సార్ మొహం విప్పారింది. ఉద్యోగం తీయడం ఆయనకీ ఇష్టం లేదు. "అదీ పాయింటే. కళ్ళజోడు లేదు కదా" అన్నాడు. కోడలు కలం కాగితానికి ఆనించింది గానీ రాయట్లేదు. పని అయిపోయిందనుకున్నాను.

"లేదండీ" అంది నిదానం. "అన్నమే తిన్నాను."

నేను బల్లకింద ఆవిడ కాలు తొక్కాను. జరుపుకుంది.

"సూది వేసుకున్నాను సార్. వణుకు మొదలైంది. మూడంతస్తులు దిగి ఎక్కేలోపు బోర్డు మీద నా పేరు ఎర్రగా పడుతుంది, ఈ నెలలో రెండుసార్లు పడింది ఇప్పటికే. అక్కడైతే తలుపేసుకోవచ్చు కదా అని కూర్చున్నాను. ఆకలేసింది సార్. పాయిఖానాలో కూర్చుని అన్నం తినాలని ఎవరికుంటుంది?"

ఇస్త్రీ సార్ సొరుగులోంచి ప్రాజెక్టు తీసి తిరగేశాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "మరి పద్నాలుగో ప్రశ్నకి ఐదు వేశారేమమ్మా?"

"అక్క వెయ్యమంది."

ముగ్గురూ నావైపు చూశారు. ఆవిడ నన్ను పట్టివ్వాలని అనలేదు, అడిగితే చెప్పింది. ఇంక నా దగ్గర అబద్ధాలు లేవు. ఉన్నా ఆడాలనిపించలేదు. ఆవిడ తన ఉద్యోగం పణంగా పెట్టి ఒక్క ముక్కలో చెప్పేసింది, నేను ఇరవయ్యారేళ్ళు నడవాలో నిలబడి చెప్పలేకపోయాను. అట్టేపెట్టిన గదుల సంగతి, ఫోను సంగతి, ఐదుల సంగతి మొదట్నుంచి చివరిదాకా చెప్పాను.

"తప్పు నాది సార్. మీరు విరామం అక్కర్లేదన్నది నా ఐదులు చూసే. ఈవిడ ఆకలి మాత్రం తప్పు కాదు."

ఇస్త్రీ సార్ కోడలి వైపు తిరిగాడు. "రాస్తున్నారా?"

ఆ పిల్ల కొత్త పేజీ తిప్పింది. "రాస్తున్నాను సార్. ఇంకోటి కూడా రాస్తున్నాను. ఆ అంకెలు చూసినప్పుడే నాకనుమానం వచ్చింది. ఒకసారి అడిగి ఊరుకున్నాను. నాకు ప్రాజెక్టు కావాల్సొచ్చింది, అందుకని గట్టిగా అడగలేదు."

నా సంగతి తన చేత్తోనే రాసింది, ఒక్క అక్షరం దాచకుండా. కింద నేను సంతకం పెట్టాను.

మూడోరోజున ఆర్డర్లు వచ్చాయి. నిదానానికి హెచ్చరిక కాగితం, ఉద్యోగం ఉంది. పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా భోజన విరామం, ఆ వేళలో బోర్డు ఆపేయాలి, ఇది రూల్సు పుస్తకంలో ఎక్కింది. ఇన్నేళ్ళు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నన్ను సూపర్‌వైజరు పనిలోంచి తీసి, రిటైరయ్యేదాకా దుప్పట్ల గదిలో మడతలు పెట్టుకోమన్నారు. కోడలిని ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్లే కళాశాలకి వెళ్ళి అంకెలు సరైనవి కావని చెప్పొచ్చింది. వాళ్ళు మార్కులు వెనక్కి తీసుకుని మళ్ళీ రాయమన్నారు. కుర్చీ పోయింది, మళ్ళీ రిసెప్షన్లో నిలబడింది.

"ఎవడడిగాడే నిన్ను?" అని అరిచాను.

"మిమ్మల్నెవరడిగారు?" అంది. ఆ పూట ఇద్దరం ఒకే కంచం ముందేసుకుని తిన్నాం, ఒకరితో ఒకరం మాట్లాడకుండా.

విరామం మొదలైన రోజు పన్నెండున్నరకి ఎనిమిది మందీ నా గదికి వచ్చారు. దుప్పట్లు మడిచే పొడుగుబల్ల చుట్టూ కూర్చున్నారు. తలుపు తెరిచే ఉంది, ఎవరో వేయబోతే ఇంకొకరు అక్కర్లేదన్నారు. నిదానం తప్ప అందరూ అలవాటుకొద్దీ పది నిమిషాల్లో గబగబా తినేసి, చేతులు కడుక్కుని లేచారు. లేచాక ఎక్కడికెళ్ళాలో తెలియలేదు. నవ్వుకుని మళ్ళీ కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలీదు.

నిదానం ఇంకా తింటోంది. తలెత్తి నన్ను చూసింది. "అక్కా, మీ డబ్బా ఏదీ?"

తెచ్చుకోలేదన్నాను. ఆ హోటల్లో నేను ఎప్పుడూ డబ్బా తెచ్చుకోలేదు. ఆ అరగంట వాళ్ళు తింటుంటే నేను కాపలా ఉండేదాన్ని, ఇంటికెళ్ళాక నాలుగింటికి తినేదాన్ని. నాకూ ఆకలేస్తుందని ఇన్నేళ్ళలో నేనే ఎవరికీ చెప్పలేదు.

నిదానం లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎనిమిది మందీ మళ్ళీ డబ్బాలు విప్పారు. అడుగున మిగిలినది తలా కాస్త ఒక మూతలో వేసి నా ముందుకి జరిపారు. నేను గడియారం చూశాను.

"తినండక్కా, కంగారు లేదు" అంది నిదానం. "ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది."

నేను ఒంటిగంట కొట్టేదాకా తిన్నాను.